ఖాళీ హాల్లో చిలకపచ్చ చీర

దయ్యాల కబుర్లు చెప్పేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండేది. పాడుబడిన భవనాల్లో, చీకటి గదుల్లో ఫోటోలు తీసి బతికేవాణ్ని. అలాంటివి నమ్మితే నాకు పూట గడవదు.

మాది రాయ్‌పూర్‌లో స్థిరపడ్డ శ్రీకాకుళం రైల్వే కుటుంబం. అభన్‌పూర్ దారిలో ఒక పాత బంగళాని పెళ్లిళ్ల హాలుగా మారుస్తున్నారు, లోపలి ఫోటోలు కావాలన్నారు. పైన వెంటిలేటర్లలోంచి మండే ఎండ, కింద కటిక చీకటి. అలాంటి చోట కెమెరా షట్టర్ చాలాసేపు తెరిచి ఉంచుతాం. ఒక మనిషి టార్చి పట్టుకుని గోడలకి వెలుగు పూస్తూ నడవాలి. ఆగకుండా నడిస్తే ఆ మనిషి ఫోటోలో పడడు. నల్లబట్టలైతే మరీ మంచిది.

ఆ రోజు నా అసిస్టెంటు రాలేదు. మా ఆవిడ సుజాత నేనొస్తానంది. అప్పుడామెకి ఏడో నెల. రెండుసార్లు పోయాక నిలిచిన కడుపు. ఇంట్లో అందరం ఊపిరి బిగబట్టుకుని ఉన్నాం. టార్చి పట్టుకోవడమే కదా అని ఒప్పుకున్నాను. నల్లచీర కట్టుకోమన్నానో లేదో, మా అమ్మ గయ్యిమంది.

"కడుపుతో ఉన్న పిల్లకి నల్లచీరేట్రా? బుద్ధుందేట్రా నీకు!"

చివరికి సుజాత పసుపురంగు చీరలో వచ్చింది.

వెలుగు రాకుండా తలుపులన్నీ లోపల గడియపెట్టాం. హాల్లో మేమిద్దరమే. మొదటి ఫోటో తీసి చూశాను. నాకు తిక్కరేగింది. మూలనున్న గుమ్మం ముందు చీరకట్టుతో ఒకావిడ, చెయ్యి అడ్డంగా చాపి, స్పష్టంగా నిలబడి ఉంది. ముఖం మాత్రం వెలుగులో తెల్లగా వెలిసిపోయింది.

"ఆగకుండా నడవమన్నానా? ఆ మూలకి తర్వాత వెళ్లమన్నాను కదా!"

సుజాత వచ్చి కెమెరాలోకి చూసింది.

"నేను బిల్కుల్ అటు వెళ్లనేలేదండీ. చీర చూడండి, చిలకపచ్చ. పైగా ఆవిడకి పొట్టేదీ?"

నిజమే. ఎవరో దాక్కుని ఆటపట్టిస్తున్నారనుకున్నాను. సుజాతని కెమెరా దగ్గరే ఉండమని, తిట్టుకుంటూ ఆ మూలకి నేనే వెళ్లాను. పరిచిన జంపఖానా మీద కాలు పెట్టగానే ఫెళ్లుమని మోకాలిదాకా దిగబడిపోయాను.

ఎలాగో కాలు లాక్కుని జంపఖానా ఎత్తి చూస్తే, చెదలు తిన్న చెక్కలు. వాటికింద లోతైన పాత ధాన్యపు పాతర. టార్చి వేస్తే అడుగున విరిగిన రాళ్లు కనిపించాయి. మరుసటి ఫోటోకి సుజాత నడవాల్సింది సరిగ్గా అక్కడే.

నా కాలినుంచి రక్తం కారుతోంది. నేను మాత్రం పిచ్చివాడిలా నవ్వుతున్నాను. సుజాత రెండు చేతులతో పొట్ట పట్టుకుని కూలబడి ఏడ్చింది. హమ్మయ్య అన్న మాటకి అర్థం నాకు ఆ రోజే తెలిసింది.

హాలంతా వెతికాం. ఎవరూ లేరు. గడియలు వేసినవి వేసినట్టే ఉన్నాయి. ఆ తర్వాత తీసిన ఏ ఫోటోలోనూ ఆవిడ పడలేదు.

మాకు పాప పుట్టింది. పురిటి స్నానాలయ్యాక సుజాత ఒక చిలకపచ్చ చీర కొంది. పసుపు కుంకుమలతో దాన్ని ఆ గుమ్మం దగ్గర పెట్టి వచ్చింది.

ఆ ఫోటోని ఎన్నిసార్లు పెద్దది చేసి చూశానో! ఆవిడెవరో, అక్కడికెలా వచ్చిందో ఇప్పటికీ చెప్పలేను. దయ్యాలున్నాయా అంటే లేవనే అంటాను. చీర ఇచ్చిరావడానికి బండి నడిపింది మాత్రం నేనే.