ఇరవై రెండు బై ఏడు మాస్టారి పండగ

మా గుణదల వీధికి పండగల కరువెప్పుడూ లేదు. ఫిబ్రవరిలో మేరీమాత తిరునాళ్ళు, వెనకాలే శివరాత్రి, రంజాన్ ఎప్పుడొస్తే అప్పుడు మెహబూబ్ బీ ఇంటి సేమ్యా. ఇవి చాలవన్నట్టు తిరుపతిరావు మాస్టారు ఒక అంకెకు పండగ మొదలుపెట్టారు. దేవుడికి కాదు, మహానుభావుడికి కాదు, అంకెకు.

ఆయన కంకిపాడు వైపు హైస్కూల్లో లెక్కలు చెప్పి, తొంభైల్లో రిటైరై మా వీధికొచ్చారు. రిటైరైనవాళ్ళు పొద్దున్నే నడుస్తారు, మధ్యాహ్నం బీపీ చూపించుకుంటారు, సాయంత్రం ప్రభుత్వాన్ని తిడతారు. మాస్టారికి ఇవేవీ పట్టలేదు. కనబడిన పిల్లవాణ్ణల్లా ఆపి ఎక్కం అడిగేవారు. దాంతో మా వీధి పిల్లలు ఆయన గుమ్మం ముందుకు రాగానే సైకిళ్ళు ఎంత వేగంగా తొక్కేవారంటే, వాళ్ళలో ఒక్కడైనా పోటీలకెళ్ళి కప్పు తెస్తాడనుకున్నాం. ఎవడూ తేలేదు.

ఏదైనా అడక్కుండా ఊరుకుంటే నాకు అన్నం సహించదు. "ఏమిటి మాస్టారూ, ఆ అంకె గొప్ప?" అన్నాను.

నా గాజు తీయించి, చుట్టూ దారంపెట్టి కొలిచారు. మళ్ళీ అడ్డంగా కొలిచారు. దాన్ని దీనితో భాగిస్తే మూడు, పైన ఇంకొంచెం. పప్పు మూకుడు కొలిచినా మూడు, ఇంకొంచెం. ఆటోనగర్లో లారీ చక్రం కొలిచినా అంతేనట. దాని పేరు పై అట.

"ఆ ఇంకొంచెం ఎంతండీ?"

"అదే తేలదమ్మా. రాసుకుంటూ పోతే తెగదు."

"తేలనిదానికి పండగేమిటి మరి?"

"తేలిపోయినవాటికి పండగెందుకు సుబ్బరత్నమ్మగారూ?"

ఇలాంటి జవాబులు చెప్పే మనిషితో ఎలా వేగుతోందోనని ఆయన భార్య మాణిక్యమ్మ వంక చూశాను. ఆవిడ పప్పు రుబ్బుతూ పొత్రం చప్పుడు పెంచింది.

బళ్ళో ఆ అంకెను ఇరవై రెండు బై ఏడుగా చెప్పేవారట. అందుకని ఏడో నెల ఇరవై రెండో తారీకున మాస్టారి డాబా మీద పండగ. ఇంటికొక గుండ్రటి వంటకం తేవాలి. పిల్లలు దారంతో చుట్టూ, అడ్డంగా కొలిచి, భాగించి, అంకె చెప్పాకే నోట్లో పెట్టుకోవాలి. సున్నుండ నిషేధం, దానికి లెక్క వేరేనట. నా అరిసెలు మూడుకు కూడా రాలేదని ఒకసారి అందరిముందూ అన్నారు. "మీ అరిసె గుండ్రంగా ఉండటానికి ఒప్పుకోవట్లేదమ్మా!" అరిసె రుచి గురించి ఒక్క ముక్క లేదు. అయినా మరుసటేడు మూకుడు మూత బోర్లించి అరిసెలు కోశాను. నేను గుండ్రంగా వండలేదని మా వీధిలో ఎవరూ అనకూడదు.

ఇలా ఏళ్ళు గడిచాయి. సైకిళ్ళ మీద పారిపోయిన పిల్లలే జూలై కోసం కాచుక్కూర్చునేవారు. మాస్టారికి సంవత్సరమంతా ఒకెత్తు, ఆ సాయంత్రం ఒకెత్తు.

ఈలోగా జయకృష్ణ ఎదిగొచ్చాడు. ఆ డాబా మీద గారెలు కొలిచి లెక్కలు నేర్చినవాడే. కోచింగ్ కాలేజీలో లెక్చరరై, మెడలో గుర్తింపు కార్డు వేసుకుని నిద్రపోతాడని వాళ్ళమ్మే చెప్పింది. ఒకరోజు నెట్ సెంటర్ నుంచి తిన్నగా మాస్టారి అరుగు మీదికొచ్చాడు.

"మాస్టారూ, పై డే జూలైలో కాదండీ. మార్చి పద్నాలుగు. మూడు పాయింట్ ఒకటి నాలుగు కదా! అమెరికాలో నెల ముందు రాస్తారు. ప్రపంచమంతా ఆరోజే చేస్తోంది."

"మన ఊళ్ళో తారీకు ముందు రాస్తాం నాయనా."

"మనం రాసేది ఎవరు చూస్తారండీ?"

వీధి రెండు ముక్కలైంది. ఏకాదశి ఇవాళా రేపా అని పంచాంగాలు కొట్టుకోవడం మాకు కొత్త కాదు. "మాకూ ఇదే గోల అక్కా," అంది మెహబూబ్ బీ. "నెలవంక కనపడిందని ఒకళ్ళు, లేదని ఒకళ్ళు. ఈలోగా సేమ్యా ముద్దయిపోద్ది."

అలవాటు కొద్దీ జనం వెళ్ళి సిద్ధాంతిగారిని అడిగారు. ఆయనకు అదేం అంకో తెలియదు. కానీ తెలియదని చెప్పే అలవాటు ఆయన వంశంలోనే లేదు. కళ్ళు మూసుకుని, వేళ్ళు లెక్కపెట్టి, "పరీక్షలు లేనివారికి మార్చి, ఉన్నవారికి జూలై" అని తేల్చారు. ఏదో నవ్వులాటకన్నారనుకున్నాం గానీ, శాస్త్రం ఎంత గొప్పదో ఆ మార్చిలోనే తెలిసింది.

జయకృష్ణ ఫ్లెక్సీ కట్టించాడు. దాని మీద అంకె చిన్నది, అతని ఫొటో పెద్దది. మైకు పెట్టించాడు, శాలువా తెప్పించాడు. పద్నాలుగో తారీకు రానే వచ్చింది. ఇంటర్ పిల్లలు పరీక్ష హాళ్ళలో ఉన్నారు. టెన్త్ పిల్లల్ని తల్లులు గదుల్లో పెట్టి గొళ్ళాలు వేశారు. లెక్కల లెక్చరరుకు పరీక్షలెప్పుడో గుర్తులేకపోవడం ఒక్కటే ఆ పండగలో జరిగిన విశేషం. ఆ శాలువా చివరికి మైకు సెట్టువాడికి కప్పాడు.

ఆ ఉక్రోషం జూలై దాకా మగ్గింది. పండగ ఇంకా నాలుగైదు రోజులుందనగా, మాస్టారు పిల్లలకు దారాలు కత్తిరించి ఇస్తుంటే జయకృష్ణ వచ్చి, వాళ్ళందరి ముందే అన్నాడు. "ఇరవై రెండు బై ఏడు అసలు విలువే కాదండీ. ఉజ్జాయింపు. ఇన్నేళ్ళూ మీరు తప్పుకు పండగ చేశారు."

ఆ సంగతి మాస్టారికి తెలియక కాదు. "సుమారుగా" అని ఏటా చెప్పేది ఆయనే. కానీ గారె చేతికిచ్చి లెక్క నేర్పిన పిల్లాడు ఆ మాటకే తప్పని పేరుపెట్టి తిరిగిస్తాడని ఆయన అనుకోలేదు. కత్తెర పక్కన పెట్టి లోపలికెళ్ళారు. మర్నాటి నుంచి అరుగు మీదికి రాలేదు. పిల్లలు కూడా, "తప్పు పండక్కి ఎందుకు బామ్మా?" అనడం మొదలుపెట్టారు. ఎక్కాలు రానివాళ్ళకు తప్పొప్పులు భలే తెలుస్తాయి.

ఇరవై రెండో తారీకు పొద్దుటి నుంచీ వాన. ఈ ఏడు డాబా లేదు, గారెలు లేవు అనుకుంటూనే నా అరిసెలు నేను కోసుకుని సాయంత్రం వాళ్ళింటికి నడిచాను. మెహబూబ్ బీ పెనమంత రొట్టెతో నాకంటే ముందే వచ్చి ఉంది. మాస్టారు గోడవైపు తిరిగి పడుకున్నారు.

"లేవండి మాస్టారూ, వీధివాళ్ళొచ్చారు," అన్నాను.

"తప్పు లెక్కమ్మా. ఇంక చేయను."

అప్పుడు వంటింట్లోంచి మాణిక్యమ్మ వచ్చింది. చేతికి గారెల పిండి. ఇన్నేళ్ళూ ఈ పండగంటే పొత్రం చప్పుడు తప్ప ఇంకో మాట అనని మనిషి.

"ఏవండీ, మన పెళ్ళి ముహూర్తం ఎప్పుడు?"

"ఇప్పుడదెందుకే?"

"మీ పెళ్ళివారి బస్సు కంకిపాడు అవతల దిగబడింది. మీరొచ్చేసరికి ముహూర్తం దాటిపోయి, పెట్రోమాక్స్ లైట్లు కూడా ఆరిపోయాయి. 'ఉజ్జాయింపుగా సరిపోయిందిలే, కట్టెయ్ నాయనా' అన్నాడు పంతులు. మారు మాట్లాడకుండా కట్టేశారు. అప్పుడు లేని సిగ్గు ఇప్పుడెందుకు? లేచి దారాలు తియ్యండి. మూకుట్లో నూనె కాగిపోతోంది."

మాస్టారు గోడవైపు నుంచి ఇటు తిరిగారు. భార్యను చూశారు. తరవాత నా చేతిలో అరిసెల పళ్ళెం చూశారు. "ఇవి గుండ్రంగానే వచ్చాయే," అన్నారు. పదేళ్ళ తరవాత దక్కిన మెప్పు.

గారెల వాసనకు వాన అడ్డం రాదు. పిల్లలు ఒక్కొక్కరే వరండాలోకి చేరారు. తప్పు పండగ సంగతి ఎవరికీ గుర్తున్నట్టు లేదు. చివర్న జయకృష్ణ గొడుగు ముడుస్తూ గుమ్మంలో నిలబడ్డాడు, మాటలు కూడబలుక్కుంటూ.

"మాస్టారూ, మొన్న నేను..."

మాస్టారు దారం అందించారు. మాణిక్యమ్మ వేడి గారె పళ్ళెంలో పెట్టింది. "ముందు కొలిచి చూడు నాయనా. నువ్వన్నావే, ఆ అసలు విలువే రావాలి," అన్నారు మాస్టారు.

కొలిచాడు. మూడు పాయింట్ సున్నా వచ్చింది. దారం సరిచేసి మళ్ళీ కొలిచాడు. మూడు పాయింట్ రెండు. గారెను తిప్పి, కళ్ళజోడు తుడుచుకుని, ఇంకోసారి. మాస్టారు పక్కన కూర్చుని, చిన్నప్పుడు పట్టుకున్నట్టే అతని చిటికెనవేలు పట్టి దారం కొసను నొక్కిపెట్టారు. ఈలోగా మేమంతా మా గారెలు, రొట్టె, అరిసెలు కొలవకుండానే తినేశాం.

దీపాలు పెట్టే వేళకు కూడా వాళ్ళిద్దరూ లేవలేదు. గారె చల్లారి గట్టిపడింది. జయకృష్ణ ఇంకా, "ఈసారి వస్తుందండీ," అంటూనే ఉన్నాడు.