ఆంగెరూ అత్త చెయ్యని పాపాలు

ఆంగెరూ అత్తకి ఒకే ఒక్క అలవాటు. తను చెయ్యని పాపాలన్నీ ఒప్పుకునేది.

అదీ గుట్టుగా కాదు. చర్చిలో క్రీస్తు పటం ముందు నిలబడి, రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని, పక్కింటాయన్ని కేకేసినట్టు "ఏమయ్యా, వింటున్నావా?" అని మొదలుపెట్టేది. ఆయన సంగతేమో గానీ, ఊరు మొత్తం వినేది. మా హియోస్ దీవిలో మస్తిక చెట్ల నుంచి జిగురు తీసి బతికే ఊళ్లన్నీ గోడకి గోడ ఆనించి కట్టినవి. ఒకింట్లో తుమ్మితే మూడిళ్ల అవతల "చిరంజీవ" అంటారు. అలాంటి చోట అత్త గొంతు సంగతి వేరే చెప్పాలా!

నేను ఆ చర్చి అయ్యగారిని. పేరు ఇసిడోరు. చిన్నప్పుడు నా ముక్కు తుడిచిన మనిషి కాబట్టి అత్తకి నన్ను "ఒరేయ్" అనే హక్కుంది. నేను నల్లంగీ తొడుక్కున్నాక "అయ్యగారూ" అనాల్సిన బాధ్యత వచ్చిపడింది. రెండూ వదులుకోలేక "ఒరేయ్ అయ్యగారూ" అని పిలిచేది.

ఇక నా సంగతి. నవ్వుకోకండి. ఊరందరి తరపునా దేవుడితో మాట్లాడడం నా పని. కానీ ఆయనతో నాకు మాటల్లేవు. పోట్లాటేం లేదు, పరిచయమే లేదు. మా నాన్న అయ్యగారు. ఆయన పోయాక ఆయన అంగీ నా ఒంటికి సరిపోయింది, తొడుక్కున్నాను. పుస్తకంలో ప్రార్థన ఎంత పొడుగుదైనా గుక్క తిప్పుకోకుండా చదువుతాను. పుస్తకం మూసి, నా అంతట నేను "ప్రభువా" అన్నానా, రెండో మాట రాదు. ఇరవై ఒక్క ఏళ్లుగా రాలేదు. ఊరందరి ఉత్తరాలూ చేరవేసే పోస్టుమాన్‌ని, నా తరపున ఒక్క కార్డు ముక్క వెయ్యలేదు. ఈ సంగతి నా భార్య ఫోతినికి కూడా తెలీదు. చివరికి ఒక చలికాలం నా మీద నాకే రోత పుట్టి, "ప్రార్థన చేతకాని నేను ఈ పనికి తగను, విడిచిపెట్టండి" అని బిషపు గారికి ఉత్తరం రాసి అంగీ జేబులో పెట్టుకున్నాను. ఈస్టరు ముందు వచ్చే పెద్ద ఉపవాసం మొదలవగానే పంపేద్దామని.

మా దగ్గర పాపాలు వినే అధికారం అందరు అయ్యగార్లకీ ఉండదు. నాకు లేదు. దానికి మఠం నుంచి ఒక పెద్దాయన ఏడాదికి రెండుసార్లు వస్తాడు. ఊరివాళ్లు ఆయన దగ్గర "కోపం ఎక్కువండీ", "ఉపవాసం రోజు చీజు ముక్క నోట్లో వేసుకున్నానండీ" అని పైపైన రెండు ముక్కలు చెప్పి బయటపడతారు. అత్త దగ్గర మాత్రం ఆయనకి ముప్పావుగంట పట్టేది. ఒకసారి చెమట తుడుచుకుంటూ బయటికొచ్చి నన్ను పక్కకి పిలిచాడు.

"ఇసిడోరూ, ఈవిడ గుర్రం దొంగతనం కూడా చేసిందా?"

"మా ఊళ్లో గుర్రమే లేదండీ. గాడిదలున్నాయి."

"అయితే గాడిదే అయ్యుంటుంది. అప్పటికి నాకు చిన్న కునుకు పట్టింది."

నేను మొదట గమనించింది కాఫీ పాపం. ఒక సాయంత్రం ప్రార్థన మధ్యలో అత్త లేచింది. "ఏమయ్యా, రెండు నెలలుగా కాఫీపొడిలో వేయించిన శనగపిండి కలుపుతున్నాను. తాగేవాళ్లు నన్ను నమ్మి తాగుతున్నారు. ఏం చేస్తావో చెయ్యి." అత్త జన్మలో కాఫీ ముట్టలేదు, ఎవరికీ పోసిందీ లేదు. మగవాళ్లు గోడలు పట్టుకుని నవ్వారు. ఆ వారం నుంచే పాంతెలిస్ కొట్లో కాఫీ చిక్కబడింది. "కొత్త మూట విప్పానండీ" అన్నాడు. నేను నమ్మాను. నమ్మడం నా ఉద్యోగం.

చలికాలం వచ్చిందంటే మా ఆడవాళ్లు రోజుకొక ఇంట్లో బల్ల చుట్టూ చేరి, ముత్యాల్లా గడ్డకట్టిన జిగురు బొట్లకి అంటిన మట్టిని చిన్న కత్తి మొనతో గీకుతారు. చేతులకి పని, నోళ్లకి అంతకన్నా పెద్ద పని. ఆ రోజు మా ఇల్లు. కబుర్లు మంచి జోరు మీదుండగా అత్త తల పైకెత్తింది.

"ఏమయ్యా, మా అత్తగారికి మొన్నటి పులుసు పెట్టి, నేను వేడివేడిది తిన్నాను. అదీ తలుపు వెనక దాక్కుని."

"అత్తా, నీకసలు పెళ్లే కాలేదు కదా!" అంది ఫోతిని.

"అయ్యుంటే పెట్టేదాన్ని కాదని నీకంత నమ్మకమా?"

బల్ల మీది జిగురంతా చెదిరేలా నవ్వారు. సెవస్తి నవ్వుతూ నవ్వుతూ వేలికి కత్తి గుచ్చుకుంది. గుడ్డ కట్టుకుంటానని లేచి ఇంటికెళ్లి, మళ్లీ రాలేదు. ఆ సాయంత్రం వాళ్ల ముసలి అత్తగారు గుమ్మంలో కూర్చుని, పొగలు కక్కే గిన్నె ఒళ్లో పెట్టుకుని ఊదుకుంటూ తినడం నేను కళ్లారా చూశాను. "జలుబు చేసిందేమో, వేడిది పెట్టారు" అనుకున్నాను.

అన్నిటికన్నా పెద్ద రభస స్తమాతిస్ జిగురుది. ఎండాకాలంలో మేం చెట్టు కింద నేల ఊడ్చి, తెల్లమట్టి పరిచి, బెరడు మీద గాట్లు పెడతాం. జిగురు బొట్టుబొట్టుగా కారి ఆ మట్టి మీద గడ్డకడుతుంది. ఒకరి చెట్టు కింద ఇంకొకరు చెయ్యి పెట్టడమంటే మా ఊళ్లో హత్య కన్నా ఒక్క మెట్టే తక్కువ. అలాంటిది, నిండు ఆదివారం అత్త నోరు విప్పింది. "ఏమయ్యా, స్తమాతిస్ తోటలో దూరి ఏడు చెట్ల జిగురు ఏరుకుపోయాను."

ఊరంతా నవ్వింది. స్తమాతిస్ నవ్వలేదు. అతనికి హాస్యం పడదు, ఒంటికి సరిపడదంటాడు. తిన్నగా అత్త ఇంటికెళ్లాడు.

"అత్తా! నా జిగురు!"

"లోపల గోనె ఉంది. ఎత్తుకుపో."

ఎత్తుకుపోయాడు. అది అత్త తన చెట్ల కింద వేసవంతా రోజుకింత చొప్పున ఏరుకున్న జిగురు. ఆ అరిగిపోయిన మోకాళ్లతో ఆవిడ పరాయి తోటలో ఎవరి కంటా పడకుండా ఏడు చెట్ల కింద ఎలా వంగిందని అతనికీ తట్టలేదు, నాకూ తట్టలేదు. మూడో రోజు పొద్దున్న స్తమాతిస్ తోట గేటుకి ఇంకో సంచి వేలాడుతోంది. అతను రెండు సంచులూ భుజాన వేసుకుని నా దగ్గరికి వచ్చాడు.

"అయ్యగారూ, ఒక్క దొంగతనానికి రెండు సంచులొచ్చాయి. ఎక్కడో తేడా కొట్టింది."

"అత్తది అత్తకి ఇచ్చెయ్."

"అత్తది నాదే కదా?"

"కాదు, గేటుకి ఉన్నది నీది."

"మరి అత్త దొంగిలించింది ఎవరిది?"

చివరికి అత్తకి వయసు మీద పడి మతి చలించిందని ఇద్దరం ఒక నిర్ణయానికొచ్చాం. గోనె వెనక్కిచ్చాడు, మొహం మాడ్చుకునే.

అలా మళ్లీ చలికాలం, నేను ఉత్తరం రాసుకున్న ఆ చలికాలం, గడిచి, పెద్ద ఉపవాసం ముందు ఆదివారం వచ్చింది. ఆ సాయంత్రం మాకు క్షమాపణల ప్రార్థన. ముందు నేను జనానికి వంగి "నన్ను క్షమించండి" అంటాను. తర్వాత ఒక్కొక్కరూ వరసలో వచ్చి, నాకూ ఒకరికొకరూ అదే చెప్పుకుంటారు. "క్షమించు." "దేవుడు క్షమిస్తాడు." ఎందుకు క్షమించాలో ఎవరూ చెప్పరు, ఎవరూ అడగరు. పావుగంటలో ఊరంతా శుభ్రపడిపోయి, మిగిలిన గుడ్లూ పెరుగూ ఉపవాసం మొదలయ్యేలోపు ఖాళీ చెయ్యడానికి ఇళ్లకి పరుగెడుతుంది.

ఉత్తరం జేబులో ఉంది. మర్నాడే పోస్టులో వెయ్యాలి. ఇదే నా ఆఖరి క్షమాపణల ప్రార్థన అనుకుంటూ వంగబోతున్నాను. అత్త వరసలోంచి పక్కకొచ్చి పటం ముందు నిలబడింది.

"ఏమయ్యా, వింటున్నావా?"

జనంలో కిలకిలలు మొదలయ్యాయి.

"ఇరవై ఒక్క ఏళ్లుగా నీ ఇంట్లోనే మసులుతున్నాను. నీ గుడ్డలే కట్టుకుంటున్నాను. నీ రొట్టే తింటున్నాను. నీతో ఒక్క సొంత మాట మాట్లాడలేదు. ఎలా మొదలుపెట్టాలో తెలీదు, ఎవరినైనా అడుగుదామంటే సిగ్గు. ఇక నీ గుమ్మం దిగి వెళ్లిపోదామనుకుంటున్నాను." కాస్త ఆగింది. "నన్ను వెళ్లనివ్వకు."

చర్చి కప్పు ఎగిరిపోయేలా నవ్వారు. రోజంతా దేవుడి చెవులు తినే మనిషి, ఆయనతో మాట్లాడలేదట! "నువ్వు ఊపిరి తీసుకుంటే కదా అత్తా, ఆయన నోరు తెరిచేది!" అని ఎవరో అరిచారు.

అవి నా మాటలు. నేను ఎవరికీ చెప్పని మాటలు. ఇప్పుడు అందరూ నా వైపు తిరుగుతారనుకున్నాను. ఒక్కరూ తిరగలేదు. ఊరంతా ఆవిడ మొహం చూసి నవ్వుతోంది. ఆవిడ తొణక్కుండా బెణక్కుండా నిలబడి, ఆ నవ్వంతా తన మీద పోయించుకుంటోంది.

అప్పుడు చూశాను. అందరూ నవ్వడం లేదు. పాంతెలిస్ టోపీ నలుపుకుంటూ నేల చూస్తున్నాడు. సెవస్తి పెదవి కొరుక్కుంటోంది. తలుపు దగ్గర లినార్దోస్, స్తమాతిస్ తోటకి ఆనుకుని తోట ఉన్నవాడు, గోడ వైపు తిరిగి కళ్లు తుడుచుకుంటున్నాడు.

శనగపిండి, పులుసు, గేటుకి వేలాడిన సంచి, అన్నీ ఒక్కసారిగా నా కళ్ల ముందుకొచ్చాయి. ఆవిడ నోరు రాని వాళ్ల తరపున ఒప్పుకుంటోంది. ఊరి నవ్వుని తన వైపు తిప్పుకుంటోంది. ఆ నవ్వు చాటున అసలు మనిషి, పరువు పోకుండా, ఇంటికెళ్లి తప్పు దిద్దుకుంటున్నాడు. తలెత్తి పటంలో ఆయన్ని చూశాను. తనవి కాని పాపాలు నెత్తిన వేసుకోవడం ఆవిడ ఎవరి దగ్గర నేర్చుకుందో అప్పుడు అర్థమైంది. ఆ సంగతి వారం వారం గొంతెత్తి చదివేది నేను. అది నిజంగా ఎలా ఉంటుందో మాత్రం, అరిగిన మోకాళ్లతో నా ముందు నిలబడితే తప్ప తెలీలేదు. అంత దగ్గరగా ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు. భయమేసింది, ఏడుపొచ్చింది, మోకరిల్లాలనిపించింది.

అత్త మళ్లీ వరసలో చేరి నా ముందుకొచ్చింది. "ఒరేయ్ అయ్యగారూ, నన్ను క్షమించు."

నేను ఆవిడ ముందు నడుం దాకా వంగాను.

పోస్టాఫీసుకని బయల్దేరినవాణ్ణి, మర్నాడు పొద్దున్న అత్త ఇంట్లో తేలాను. జిగురు గీక్కుంటోంది.

"నీకెవరు చెప్పారత్తా?"

"ఏది?"

"నిన్నటిది."

"నిన్నటిది నా పాపం. నీకెందుకు?"

"అత్తా!"

కత్తి పక్కన పెట్టింది. "నువ్వు చదివేది రోజూ వింటున్నాగా. చక్కగా చదువుతావు. అయిపోగానే పుస్తకం ఠప్పున మూసి వెళ్లిపోతావు. తలుపు కొట్టి, తీసేలోపే పారిపోయే పిల్లాడిలా. పాపం, ఆయన వచ్చి తలుపు తీసేసరికి ఎవరూ ఉండరు. ఈ చలికాలమంతా చూస్తున్నా, చెయ్యి జేబులో కాగితం మీదే, కళ్లు గుమ్మం వైపే."

జేబులోంచి ఉత్తరం తీసి చూపించాను. అత్తకి చదవడం రాదు. ఏం రాశానో నేనే చెప్పాను.

"బిషపు గారికి చెప్పావన్నమాట. మరి ఆయనకి చెప్పావా?"

"మాట రావడం లేదనే కదా ఈ ఉత్తరం!"

"ఆ మాటే చెప్పు."

"నీకు మొదటి నుంచీ వచ్చిందా?"

"ముప్పై ఏళ్లు రాలేదురా. నా సంగతి చెప్పుకుందామంటే సిగ్గేసేది. పక్కింటి వాళ్ల కష్టమైతే గడగడా వచ్చింది. అలా నోరు తిరిగాక మెల్లగా నాదీ చెప్పాను. ఇప్పుడు చనువు ముదిరిపోయింది. కోప్పడతాను, అలుగుతాను. ఆయనేం అనుకోడు."

"ఆయన ఏమంటాడు?"

"వింటాడు. ఈ ఊళ్లో నన్ను అంతసేపు విన్నవాడు ఇంకొకడున్నాడా? కొన్నాళ్లకి, వినేవాడు గదిలోనే ఉన్నాడని తెలిసిపోతుంది. తిరిగి చూడక్కర్లేదు."

"అత్తా, పాంతెలిసూ, సెవస్తీ, ఆ లినా..."

"అన్నీ నావే!" కత్తి మళ్లీ చేతిలోకి వచ్చింది. "ఒక్క పేరు నీ నోట వచ్చిందా, గాడిద దొంగతనం నీ పేరు మీదే చెబుతాను."

అక్కణ్ణుంచి నేరుగా చర్చికెళ్లాను. ఎవరూ లేరు. పటం ముందు నిలబడ్డాను. చూసి చదవడం అలవాటైన ప్రాణం కదా, చెయ్యి దానంతటదే జేబులోకి పోయి కాగితం తీసింది. "మహా ఘనత వహించిన..." దాకా చదివి ఆగిపోయాను. ముందున్నది బిషపు గారు కాదు. కాగితం నాలుగు ముక్కలు చేసి జేబులో వేసుకున్నాను.

"ప్రభువా," అన్నాను.

ఎప్పటిలాగే రెండో మాట రాలేదు. ఈసారి పారిపోలేదు. చాలాసేపు నిలబడ్డాను.

"నాకు మాట్లాడడం రాదు," అన్నాను.

దీపం రెపరెపలాడలేదు, పటం కదల్లేదు. కానీ ఆ ఖాళీ చర్చిలో నేను ఒక్కణ్ణే లేనని, నా పేరు నాకు తెలిసినంత స్పష్టంగా తెలిసింది. తర్వాత ఇక ఆగలేదు. మా నాన్న అంగీ నాకెంత బరువో చెప్పాను. ఇన్నేళ్లూ ఎంత ఒంటరిగా ఉన్నానో చెప్పాను. మధ్యలో కాస్త గొంతు పెంచి కోప్పడ్డాను కూడా. మధ్యాహ్నమైపోయింది.

వెనక తలుపు చప్పుడైంది. ఫోతిని.

"చిక్కుడు గింజలు చల్లారి రాళ్లవుతున్నాయి. ఎవరితోనండీ ఇంతసేపు?"

"ఆయనతో," అన్నాను.

ఫోతిని తడిసిన నా మొహం చూసింది, పటం కేసి చూసింది. తల మీద రుమాలు సర్దుకుని, వెనక బల్ల మీద నెమ్మదిగా కూర్చుంది.

"అయితే కానివ్వండి," అంది గొంతు తగ్గించి. "ఎలాగూ మాట కలిసింది కదా, నా నడుం నొప్పి సంగతి కూడా ఓ మాట ఆయన చెవిన వెయ్యండి."