రోడ్డు గెలిచాను, ఇల్లు మునిగింది

మీ వీధిలో వాన నీళ్ళు ఎటు పోతాయో మీలో ఎవరికైనా తెలుసా? నాకు మొన్నే తెలిసింది. మా ఇంట్లోకి.

నాన్నకి ట్రాన్స్‌ఫర్ అయ్యాక రైల్వే క్వార్టర్ ఖాళీ చేశాం. అమ్మానాన్నా వెళ్ళారు, కోని కాలేజీలో చదువు పూర్తి కాలేదని నేను ఉండిపోయాను. ఊళ్ళో కుదుదండ్ వైపు అద్దెలు నా వల్ల కాలేదు. ఊరి చివర మంగ్లా అవతల పొలాల్లో లేచిన కాలనీలో చవగ్గా ఇల్లు దొరికింది. చవగ్గా ఎందుకిస్తున్నారని అడగలేదు.

ఈ హిందీ ఊళ్ళోనూ క్వార్టర్లలో డ్యూటీ దిగి నడిచొచ్చే తెలుగువాళ్ళు మా గేటు దగ్గర ఆగి, "ఏటే, ఏం కూరే?" అనేవాళ్ళు. ఇక్కడ పాల ప్యాకెట్‌కి కూడా స్కూటీయే. వానొస్తే వీధంతా బురద. నడిచేవాళ్ళు లేరు కాబట్టి ఆగేవాళ్ళూ లేరు. ఇంట్లో నోరు విప్పేది కుక్కరొక్కటే.

అందుకే కాలనీ మీటింగ్‌లో లేచాను. "రోడ్డు ఎత్తు చేసి సిమెంటు వేయించండి. మనుషులు నడవాలి."

లోకో షెడ్‌లో పనిచేసే ఎదురింటి అప్పారావు అంకుల్ అడ్డొచ్చారు. "ముందు వాన నీళ్ళు పోడానికి నాలా తవ్వాలమ్మా. రోడ్డు తరవాత."

"అచ్ఛా, మరి నాలాలో నడుస్తారా అంకుల్?"

అందరూ పగలబడి నవ్వారు. ఆయన కూర్చుండిపోయారు. కాలేజీ డిబేట్లలో గెలిచిన కప్పులన్నీ ఒకెత్తు, ఆ చప్పట్లు ఒకెత్తు.

రోడ్డు వేశారు. మా గడప కంటే మోకాలెత్తు. మొదటి వాన తగ్గిన సాయంత్రం టీ పెట్టుకుని కిటికీ దగ్గర కూర్చున్నాను, ఇవాళ ఎవరో ఒకరు నడుస్తారు, ఆగుతారు అనుకుంటూ. రోడ్డు మీద చుక్క నిలవలేదు. భలే గర్వపడ్డాను. కాసేపటికి పాదాలకి చల్లగా తగిలింది. చూస్తే నా చెప్పొకటి వంటింట్లోకి పోతోంది, రెండోది దాని వెనకే. ఆ సాయంత్రం మా వీధిలో నడిచినవి అవే.

ఓనరుకి ఫోన్ చేశాను. "రోడ్ తో ఆప్‌నే హీ బన్‌వాయీ నా, బేటీ?" అన్నాడు. నిజమే, వేయించింది నేనే. నా వాదనలో లొసుగు ఎవరికీ దొరకలేదు, నీళ్ళకి తప్ప.

అంతలో గుమ్మంలో అప్పారావు అంకుల్. ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి, చేతిలో బకెట్. నేను ఆ ఇంట్లో దిగాక నా గడప దాటి వచ్చిన మొదటి మనిషి.

"ఏటమ్మా, నాలాలో నడక ఎలాగుంది?"

"టీ తాగుతారా?" అన్నాను.

"ముందు నీళ్ళు తోడు. టీ తరవాత."

తోడాం, తాగాం. బకెట్ నాకే వదిలేసి ఆయన వెళ్ళిపోయారు. బయట రోడ్డు ఖాళీగా, శుభ్రంగా ఉంది. మళ్ళీ కుక్కరూ నేనూ.

ఈ ఆదివారం సాయంత్రం మళ్ళీ మీటింగ్. ఈసారి నాలా కోసం లేస్తున్నాను, అంకుల్ వాదన అప్పు తెచ్చుకుని. మీరందరూ వచ్చి నా పక్కన నిలబడండి. బళ్ళు తేవద్దు, నడిచి రండి. మా ఇంటి ముందు ఆగి ఒక్క కేకెయ్యండి, టీ పెడతాను. వానొస్తే మాత్రం ఎవరి బకెట్ వాళ్ళు తెచ్చుకోండి.