ఆరని సున్నం

"బాపు పోయిండు మేడం." సోమవారం పొద్దున ఫోన్‌లో మా సున్నం మేస్త్రి కూతురు ఇంతే చెప్పగలిగింది. పని చేస్తూ చేస్తూ కళ్లు తిరిగి ఆయన ఆస్పత్రికి వెళ్లి నాలుగు రోజులే అయింది.

పాత కట్టడాల మరమ్మతు నా ఉద్యోగం. చదివింది ఎంతైనా, పని నేర్చుకున్నది ఆయన దగ్గరే. అత్వెల్లి దాటాక పొలాల మధ్య ఒక ముసాఫిర్‌ఖానా ఉంది. వెనకటి బాటసారులు తలదాచుకున్న సత్రం. అక్కడ రెండేళ్లు కలిసి పనిచేశాం.

పని మొదలుపెట్టే ముందు ఆయన గోడను వేలి కణుపులతో తట్టి, చెవి ఆనించి, చాలాసేపు అలాగే ఉండిపోయేవారు. ఒకరోజు నన్నూ వినమన్నారు. లోపల ఏదో జరజరా రాలుతోంది. తట్టడం ఆపినా రాలుతూనే ఉంది. చెవి తీసేసి వెనక్కి జరిగాను.

"డొల్లయ్యింది బిడ్డా, గంతే. లోపల ఎవ్వలు లేరు," అన్నారు. మళ్లీ ఆయనే, "ఉన్నా మనల్నేమంటరు? సిమెంటుతోటి మూయకుంటె సాలు. ఊపిరాడద్దా?" అన్నారు. అది వేళాకోళమో కాదో నాకిప్పటికీ తెలియదు.

ఒకసారి కొత్త అతుకులో కాస్త మసి కలపమన్నాను, పాతదానితో కలిసిపోతుందని. ఆయన తాపీ కింద పెట్టేశారు.

"నేను జేసింది నాదని తెల్వాలె. రేపు గిది ఊడితే, ఎన్కట ఈ గోడ గట్టి సచ్చినోడు మాట పడొద్దు."

నా పుస్తకాలు పేజీలకు పేజీలు తర్కించిన సంగతి అది. ఆయన ఒక్క మాటతో తేల్చేసి బీడీ ముట్టించుకుంటే నాకు ఉక్రోషం వచ్చింది. అప్పట్నుంచి మా అతుకులన్నీ కొత్తవని తెలిసేలా పాత గోడకన్నా నూలుపోగంత లోతుగానే వేశాం.

ఫోన్ పెట్టేసి ముసాఫిర్‌ఖానాకు వెళ్లాను. పచ్చి సున్నం పగలకుండా తడి గోనెపట్టా కప్పి ఉంచుతాం. ఆయన వేసిన చివరి అతుకు మీది పట్టాను, ఆయన బదులు వచ్చిన కొత్త మేస్త్రి ఎత్తాడు. సున్నంలో ఒక అరచేయి, ఐదు వేళ్లతో, లోతుగా దిగి ఉంది. కళ్లు తిరిగినప్పుడు ఆనుకున్నారు కాబోలు.

"ఇంక పచ్చిగనే ఉంది మేడం. జల్దీ సాఫ్ జేస్త. ఇయ్యాల దాటితె గట్టిపడ్తది," అన్నాడతను.

తుడిచేస్తే గోడ బాగుపడుతుంది, మా మేస్త్రి పోతారు. ఉంచేస్తే ఎవరిదో పాత గోడ మీద మా దుఃఖం రుద్దినట్టవుతుంది. ఆ హక్కు నాకెక్కడిది? ఏ పుస్తకమూ గుర్తు రాలేదు. ఏడుపొచ్చింది.

"వద్దు," అన్నాను.

అతుకు పగలకుండా నీళ్లు నేనే చల్లాను. చుట్టూ పడినవి గోడ వెంట కిందికి జారిపోయాయి. అరచేతి గుర్తులో పడినవాటిలో ఒక్క చుక్క కూడా జారలేదు, లోపలికి ఇంకిపోయాయి. మళ్లీ చల్లాను. అవీ లోపలికే వెళ్లాయి.