గుగ్గిళ్ల కోసం ఎత్తిన చెయ్యి

రామాంజినమ్మ కాలేజీ లేబొరేటరీలో కళ్లు తిరిగి కూలినప్పుడు పట్టుకున్నది భద్రమ్మే. అది 1982, నవంబరు. ఇద్దరూ అనంతపురంలో డిగ్రీ రెండో ఏడు చదువుతూ ఒకే హాస్టలు గదిలో ఉండేవారు. రామాంజినమ్మది ధర్మవరంలో మగ్గాల ఇల్లు. భద్రమ్మ తండ్రి తిమ్మప్పది బెళుగుప్ప దగ్గర వానను నమ్ముకున్న వేరుసెనగ సేద్యం.

ఆసుపత్రిలో డాక్టరమ్మ రామాంజినమ్మ కనురెప్ప కిందికి లాగి చూసింది.

"ఒంట్లో రక్తం లేదు. సాయంత్రాలు ఏం తింటావు?"

"హాస్టల్లో బజ్జీలిస్తారు మేడమ్. రోజూ."

"గుగ్గిళ్లు తినొచ్చు కదా! చెనిక్కాయలు, బెల్లం తినొచ్చు. మీ ఊళ్లలో పండేవేగా?"

ఇద్దరూ తల దించుకున్నారు. హాస్టల్లో అవి తింటే పల్లెటూరి మొహమని నవ్వుతారు.

బజ్జీలు కాంట్రాక్టరు హనుమంతప్పవి. నిన్నటి నూనెలోనే ఇవాళ్టి నూనె పోసి కాచేవాడు. మూకుడులో అది నల్లగా నురగలు కక్కేది. తిన్న ప్రతి సాయంత్రం భద్రమ్మకు గొంతు దాకా మంటే. అయినా ఏనాడూ నోరెత్తలేదు. ఆసుపత్రికి వెళ్లొచ్చిన మర్నాడు మాత్రం నేరుగా వార్డెన్ సుబ్బలక్ష్మమ్మ దగ్గరికి వెళ్లింది.

"శనివారం అందర్నీ కూర్చోబెడతాను. హనుమంతప్ప కూడా ఉంటాడు. అతని ముందరే అడుగు. సగంమంది చేతులెత్తితే మారుస్తా" అంది వార్డెన్.

భద్రమ్మ గది గదికీ తిరిగింది. అందరూ ఎత్తుతామన్నారు.

శుక్రవారం వంటింటి గుమ్మం దగ్గర హనుమంతప్ప ఆమెను ఆపాడు.

"ఏమ్మా, నువ్వు తిమ్మప్ప కూతురివి కదా? మీ నాయన చెనిక్కాయలు అమ్మేది మా బామ్మర్ది మండీలోనే. తెలుసునా?"

"తెలుసు."

"తెలిసీ మాట్లాడతాండావా?"

నవ్వుతూ కాగితంలో రెండు బజ్జీలు పెట్టి చేతికిచ్చాడు. ఆమె తీసుకుంది. పారేయలేదు, తినలేదు. నూనె కాగితం దాటి వేళ్లకు అంటుతూంటే అలాగే గదికి నడిచింది.

శనివారం హాలులో అరవైమంది దాకా కూర్చున్నారు. వార్డెన్ పక్క కుర్చీలో హనుమంతప్ప.

"బజ్జీలు వద్దు, గుగ్గిళ్లు కావాలి అనేవాళ్లు చేతులెత్తండి."

ఒక్క చెయ్యీ లేవలేదు. మాటిచ్చినవాళ్లు చాపల వంక చూస్తున్నారు. ఎవరో కిసుక్కుమన్నారు. మండీ ముందు నాయన మూటలు కళ్లలో మెదిలి భద్రమ్మకు చెయ్యి రాయిలా బరువెక్కింది. అయినా ఎత్తింది. లేచి నిలబడింది.

"మా పైరు ఈసారి సగం ఎండిపాయ. మిగిలినదాంట్లోనే మా నాయన నాకు సంచి నింపి పంపిస్తాడు. ఏడాదిన్నరగా ఆ కాయలు తలుపేసుకోని తింటాండా. ఎవరన్నా తలుపు కొడితే నోట్లోది మింగి తీస్తాండా. బజ్జీకి కడుపు మండుతాదని తెలిసీ మీ ముందర అదే తిన్నా. ఇంక నాకు చేతకాదు."

"ఈ పాప ఒక్కదాని కోసం..." అంటూ హనుమంతప్ప అందుకున్నాడు.

గోడ పట్టుకుని రామాంజినమ్మ లేచింది. "నాకూ కావల్ల మేడమ్."

"నా పెట్టెలో కూడా ఉండాయి చెనిక్కాయలు!" వెనక నుంచి ఎవరో అరిచారు. హాలంతా నవ్వు. నవ్వుల మధ్యే చేతులు లేచాయి. వార్డెన్ రెండుసార్లు లెక్కపెట్టింది. ఇరవై మూడు.

"సగం కాలేదు. కానీ అడిగినవాళ్లకు గుగ్గిళ్ల పళ్లెం వేరే పెట్టాలి, హనుమంతప్పా."

అతను తువ్వాలు దులుపుకుని వెళ్లిపోయాడు.

పదిరోజులకు తిమ్మప్ప హాస్టలు గేటు దగ్గరికి వచ్చాడు. ఆయన మొహం చూడగానే భద్రమ్మ ఎదురు పరుగెత్తింది.

"నువ్వు హాస్టల్లో ఏం మాట్లాడినావో అంతా చెప్పి, మూడు దినాలు మండీ ముందర కూర్చోబెట్టినారు. తూకమే ఏయలేదు. లారీకెత్తుకోని తాడిపత్రికి పోయి అమ్మినా."

"నా వల్లే నాయనా. కోపమొచ్చిందా?"

"రాదా మరి? ముందే ఒక మాట చెప్పింటే ఆ మూడు దినాలు మిగిలుండేవి కదా!" అన్నాడు. అంతలోనే గొంతు తగ్గించి, "ఇప్పుడు అందరి ముందరే తింటాండావా?" అని అడిగాడు.

"తింటాండా."

ఆయన తలూపి బస్సుకు బయల్దేరాడు.

పరీక్షల నాటికి గుగ్గిళ్ల పళ్లెం దగ్గర నలభైమంది నిలబడేవారు. బజ్జీలు తినేవాళ్లు కూడా ముందు మూకుడులోకి తొంగిచూసి, "ఇది నిన్నటి నూనె కదా?" అని అడగడం మొదలుపెట్టారు. హనుమంతప్ప తిట్టుకుంటూనే నూనె మార్చాడు. ఆ ఏడు రామాంజినమ్మ కళ్లు తిరగకుండా అన్ని పరీక్షలూ రాసింది.