కాలమ్ దగ్గర పొదుపు

ల్యాబ్‌లో జరిగేవి జెల్ ఫొటోలుగా మిగులుతాయి గానీ, వాటిలోని ఒక్క గీత కోసం ఎవరి గుండె ఎలా కొట్టుకుందో ఎక్కడా మిగలదు. అందుకే ఇది రాసిపెడుతున్నాను.

గత ఎండాకాలం, అనంతపురం. నేను ఒక కాలేజీలో ల్యాబ్ అసిస్టెంటును. చదివింది ఇంటర్, మిగతాదంతా జిల్లా గ్రంథాలయం పెట్టిన భిక్ష. మా దగ్గర పరిశోధన చేసే నాగవేణిది రాయదుర్గం పక్క పల్లె. వాన లేక వాడిన వేరుశనగ ఆకులో పుట్టే ఒక ప్రోటీన్‌ను విడదీయడం ఆమె పని.

ఆకురసంలో వేల రకాల ప్రోటీన్లుంటాయి. ఆ ఒక్కదాన్నే పట్టుకునే యాంటీబాడీని కుందేలు రక్తం నుంచి తీసి, సన్నటి పూసలకు అంటించి, గాజు గొట్టంలో నింపుతారు. అదే కాలమ్. రసం పోస్తే యాంటీబాడీ తనదాన్ని పట్టుకుంటుంది. మిగతావి పోయేదాకా బఫర్ అనే ఉప్పునీళ్లతో కడగాలి. చివర్న పుల్లటి ద్రావణం పోస్తే పట్టు వదులుతుంది.

రెండుసార్లు చేసినా, ప్రోటీన్లను వేరువేరు గీతలుగా చూపే జెల్ మీద ఒక్క గీత రావాల్సినచోట గుంపు వచ్చింది. యాంటీబాడీ చెడిందేమోనని నాగవేణి గైడు సుమతి మేడమ్ అనుమానం. ఫ్రీజర్‌లో ఇంకొక్కసారికే ఆకు మిగిలింది. అదీ పోతే మళ్లీ ఎండిన పంట దొరకాలి. ఫెలోషిప్ గడువు అందాకా ఆగదు.

"మా నాయన చేను మళ్లీ ఎండాలని మొక్కుకోవాల్నా అన్నా?" అంది నాగవేణి.

మూడోసారి నేను పక్కనే ఉన్నాను. బఫర్ సీసా సగం కాకముందే మూత పెట్టబోయి, ఆగి, తన చేతినే చూసుకుంది.

"ఎంత పోయాల్నో తెలుసన్నా. అయినా చెయ్యి నిలబడిపోతాంది. ముందు రెండుసార్లూ ఇట్లనే ఆపేసినా. మా ఇంట్లో గిన్నెలు కడిగిన నీళ్లు కూడా చెట్టుకే. చెంబుడు ఒలికితే నాయన తిట్టేటోడు."

"పొయ్యమ్మా. ఈడేం కరువు లేదు."

"నాయనకు మాత్రం చెప్పొద్దన్నా."

పోసింది. కిందికి దిగే చుక్కలో ప్రోటీన్ జాడ లేదని మిషన్ చూపేదాకా పోస్తూనే ఉంది. తర్వాతే పుల్లటి ద్రావణం.

మరునాడు జెల్ మీది రంగు కడిగితే ఒకే ఒక్క నీలి గీత. వేలల్లోంచి ఒకటి. పుస్తకాల్లో ఎన్నోసార్లు చదివిన సంగతే, కానీ ఆ జెల్‌ను వెలుతురుకు పట్టి మళ్లీ మళ్లీ చూశాను. నాగవేణి స్టూలు మీద కూలబడి ఏడ్చింది.

నిజంగా పట్టుకున్నది ఎంత కడిగినా పోదని ఆ రోజు తెలిసింది.

ఎండిన చేలో ఆకు కోసిచ్చిన హనుమంతప్ప గారికి, ఆయన కూతురు నాగవేణికి, సుమతి మేడమ్‌కు, అడిగిన పుస్తకమల్లా వెతికిచ్చిన గ్రంథాలయం ఖాజా సాబ్‌కు నా నమస్కారాలు. ఆ కుందేలుకు ఎవరూ పేరు పెట్టలేదు. దానికి కూడా.