తొమ్మిది వేల గుమ్మడికాయ

మా చోడవరంలో శామ్సన్‌ది పెయింటింగ్ కాంట్రాక్టు. గోడ మీద చెయ్యి ఎంత నిదానమో, నోరు అంత దూకుడు. కిందటేడు రెండు ప్రైవేటు స్కూళ్లకు రంగులు వేస్తే, బిల్లుల్లోంచి పన్ను కింద తొమ్మిది వేలు కోసుకున్నారు. ఆడిటర్ గౌరీశంకర్ సెప్టెంబరులో రిటర్ను వేసి, "రిఫండు నెల్రోజుల్లో నీ ఖాతాలో పడిపోద్ది, నాదీ పూచీ" అన్నాడు. శామ్సన్ ఆ మాట పట్టుకుని కూర్చున్నాడు.

నవంబరులో మా చర్చిలో కోత పండుగ. ఎవరి పంటలోంచి వాళ్లు తెచ్చి వేదిక ముందు పెడతారు. ఆరాధన అయ్యాక వేలం. పాడిన సొమ్ము చర్చికి. చెరకు గడలు, బియ్యం, నాటుకోళ్లు పోయాక అచ్చియ్యమ్మ గుమ్మడికాయ మిగిలింది. ఆవిడ ఒంటరి ముసలమ్మ. పాక మీద పాకిన తీగకు ఆ ఏడు కాసింది అదొక్కటే. ఎవరో ముప్పై అన్నారు. ఇంకెవరో నవ్వారు. అచ్చియ్యమ్మ తల దించుకుంది. శామ్సన్ చూడలేకపోయాడు.

"తొమ్మిది వేలు!" అని అరిచాడు.

రిఫండు ఇంకా చేతికి రానేలేదు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. పక్కన భార్య క్రిస్టినా నెత్తి కొట్టుకుంది.

డిసెంబరు కూడా పోయింది. రోజూ ఫోనులో చూస్తే ప్రాసెసింగ్ అనే ఉంటుంది. గౌరీశంకర్‌ని అడిగితే, "నా సేతుల్లో ఏటుంది బాబూ, సిస్టంలో ఉంది" అన్నాడు.

మా చర్చిలో కోత పండుగ బాకీలు ప్రతి ఆదివారం చదువుతారు. "అచ్చియ్యమ్మ గారి గుమ్మడికాయ, శామ్సన్, తొమ్మిది వేలు, రావాలి" అని సెక్రటరీ చదివినప్పుడల్లా శామ్సన్ ధీమాగానే కూర్చునేవాడు. తన డబ్బు రాగానే కట్టేస్తాడు, ఎగ్గొట్టేవాడు కాదు కదా!

జనవరి ఆఖరి ఆదివారం సాయంత్రం అచ్చియ్యమ్మ అతని గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"కాయ బాగోనేదా బాబూ?"

"ఏ కాయమ్మా?"

"నా గుమ్మడికాయ. లోపల కుళ్లిపోయిందేటి? అందుకే డబ్బులు కట్టనేదేమో అనుకున్నాను. తీగకి మళ్లీ పూతొచ్చింది, ఇంకోటిస్తాను. నా కానుక ఇంకా దేవుడికి ముట్టనట్టే కదా!"

ఆ కాయను శామ్సన్ ఇంట్లో పండుగ వారంలోనే పులుసు పెట్టుకుని తిన్నారు, తియ్యగా ఉంది కూడా. శామ్సన్ సిగ్గుతో చచ్చిపోయాడు.

"బంగారంలాటి కాయమ్మా. తప్పు నాది" అన్నాడు.

ఆ నెల సొంత పనులేవీ లేవు. మర్నాడే బుచ్చయ్యపేట వెళ్లి, ఇంకో కాంట్రాక్టరు దగ్గర రోజుకు ఏడొందల యాభై కూలికి కుదిరాడు. పదిమందికి పని చెప్పినవాడు నిచ్చెనెక్కి పాత సున్నం గీకాడు.

"ఆ రిఫండేదో వచ్చేకే ఇద్దురు గాని" అంది క్రిస్టినా.

"అదెప్పుడో వస్తాది. ముసల్దాన్ని అందాకా కూకోబెట్టమంటావేటి?" అన్నాడు.

పన్నెండు రోజుల కూలీ తెచ్చి సెక్రటరీ చేతిలో పెట్టాడు. రిఫండు అప్పటికీ రాలేదు.

ఆ ఆదివారం సెక్రటరీ చదివాడు: "అచ్చియ్యమ్మ గారి గుమ్మడికాయ, తొమ్మిది వేలు, ముట్టింది."

ఆడవాళ్ల వైపు నుంచి అచ్చియ్యమ్మ లేచింది.

"నాకు సెవులు సరిగ్గా వినపడవు బాబూ. ఇంకోసారి సదువు."

ఆవిడ చెవులు బాగానే పనిచేస్తాయని మా అందరికీ తెలుసు. సెక్రటరీ గొంతు సవరించుకుని, ఈసారి గట్టిగా చదివాడు.